ఇరవై రెండు అడుగులు

చిరంజీవి చిన్నాకు ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమమే. ఈ మాట మీ అమ్మ పక్కన నిలబడి రాయించింది కాబట్టి నిజమే అనుకో. మాత్రలు వేసుకుంటోందా అని అడిగావు. వేసుకుంటోంది, నేను చూస్తున్నప్పుడు. మోకాళ్లు మొరాయిస్తున్నా మేడ మెట్లెక్కడం మానదు. మీ పెద్దమ్మకి రెండో కంటికి కూడా ఆపరేషన్ అయింది. ఇల్లు ఇంత దుమ్ముగా ఉందనీ, మొగుడు ఇంత ముసలివాడయ్యాడనీ ఇన్నాళ్లూ తనకెవరూ చెప్పలేదని కోపంగా ఉంది.

ఏం చదువుతున్నావు నాన్నా అని అడిగావు. మా మీసాలాయన ఆత్మకథ. పదకొండేళ్లు నా నెత్తిన కూర్చున్న ఆ పెద్ద అధికారి నాలుగొందల పన్నెండు పేజీలు రాశాడు. సైన్యాన్నీ, నౌకాదళాన్నీ, వైమానిక దళాన్నీ ఒకే గొడుగు కిందికి తెచ్చిన మొనగాడు తానేనట. గొడుగు తెచ్చిన మాట నిజమే. దాని కింద నిలబడ్డవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదని మాత్రం రాయలేదు. పుస్తకం చివర పేర్ల పట్టికలో ఆయన పెంపుడు కుక్క రెండు చోట్ల ఉంది. నిన్ను కన్న నాన్నా, ఆ కొండ మీద తనతో పాటు పోయిన ఆరుగురూ ఒక్కచోట కూడా లేరు. మార్జిన్లో పెన్సిలుతో తిట్టుకుంటూ వచ్చాను. సగంలోనే పెన్సిలు అరిగిపోయింది. ఇలాంటి పుస్తకాలు నా దగ్గర రెండు అలమరాల నిండా ఉన్నాయి. ఓడినవాళ్లు రాసినవి కొంత నయం. గెలిచినవాళ్లకి జ్ఞాపకం తక్కువ.

మూడు దళాల కొత్త ఉమ్మడి కార్యాలయం ప్రారంభానికి ముందు వరసలో కుర్చీ వేయిస్తానన్నావు. వద్దు. ఎందుకు వద్దో చెప్పడానికే ఈ ఉత్తరం. నాలుగు రోజులుగా రాసి చింపుతున్నాను.

నీ ఉత్తరం మూడో పేజీలో ఒక సంగతి తేలిగ్గా రాసి వదిలేశావు. వచ్చే నెల యుద్ధ విన్యాసంలో నీ ప్రత్యేక దళం ముందుగా వెళ్లి కొండ వెనక దిగుతుంది. విమానాలు నిజం బాంబులే వేస్తాయి. దిగినవాళ్లు మనవాళ్లేనని రేడియోలో తెలిపే, రోజుకొకటిగా మారే గుర్తు మాట, సైన్యం పట్టికలో ఒక గంటకి మారుతుంది, వైమానిక దళం పట్టికలో మరో గంటకి మారుతుంది. నువ్వది కనిపెట్టి చెప్పబోతే వాళ్ల అధికారి నలుగురి ముందు, "నేల మీద పాకేవాళ్లకి గడియారం దేనికి?" అన్నాడు. అందరూ నవ్వారు. ఇక నోరు విప్పనన్నావు. "పద్ధతి ప్రకారం రాసి పంపాను నాన్నా. వాళ్లే నా గది వెతుక్కుంటూ వస్తారు" అని రాశావు.

ఆ రెండు వాక్యాలు మళ్లీ మళ్లీ చదివాను.

ఆ రోజుల్లో రేడియో మాటలు లేవు. మనవాళ్లు ఎక్కడున్నారో పైనుంచి తెలియడానికి నేల మీద రంగు గుడ్డ పరిచేవాళ్లు. శత్రువు చూసి అదే పరచకుండా రోజుకో రంగు. సైన్యంలో రంగు మధ్యాహ్నం పన్నెండింటికి మారేది. ఒకసారి చీకట్లో మార్చబోయి తప్పు గుడ్డ పరిచారట, అప్పట్నుంచి ఆ పద్ధతి. వైమానిక దళంలో పొద్దున ఆరింటికి మారేది. సైన్యానికి సొంత చిన్న విమానాలుండేవి కాబట్టి ఎవరి లెక్క వాళ్లకి సరిపోయేది. ఉమ్మడి చేసినప్పుడు ఆ చిన్న విమానాలు ఎత్తేశారు. గడియారాలు మాత్రం ఎవరివి వాళ్లకే వదిలేశారు. ఆ సందులోకి మొదట వెళ్లింది ప్రత్యేక దళం. వాళ్లనెప్పుడూ అలాంటి సందుల్లోకే పంపుతారు.

మీ నాన్నని శత్రువు ఫిరంగి చంపిందని నీకు చెప్పాం. కాదు. మన విమానమే చంపింది. వాళ్లు నారింజ గుడ్డ పరిచారు, సైన్యం పట్టిక ప్రకారం అదే సరైనది. వైమానిక దళం పట్టికలో అప్పటికే తెలుపు, పైలట్ తెల్లగుడ్డ కోసం చూశాడు, కనబడక శత్రువులనుకుని బాంబులు వేశాడు. పొద్దున తొమ్మిదీ నలభైకి. తొమ్మిది మందిలో ఇద్దరు తిరిగొచ్చారు.

మీ అమ్మకి ఇంతవరకు తెలుసు. ఇక్కడినుంచి ఎవరికీ తెలియదు.

అప్పుడు నేను ఉమ్మడి కేంద్రంలో సంకేతాల విభాగం చూసేవాణ్ణి. మా వరండా చివర వైమానిక దళం గది. అందులో ఈలాయన అని ఒకడుండేవాడు, ఎప్పుడూ పళ్ల మధ్య ఈల వేస్తూ. నేను మీ చిన్నప్పట్నుంచి తిట్టిపోసిన మనిషి. అంతకు రెండు నెలల ముందు పటంలో ఒక తప్పు చెబుదామని నేను ఆయన గదికి వెళ్తే, "ఏదైనా ఉంటే రాసి పంపవయ్యా. గుమస్తాలు గుమ్మంలో నిలబడితే గాలి ఆడదు" అన్నాడు. గదిలో ఆరుగురు నవ్వారు. ఎవరెవరో ఇప్పటికీ చెప్పగలను.

ఆ రోజు పొద్దున ఏడున్నరకి రెండు పట్టికలూ నా బల్ల మీద పక్కపక్కన పడ్డాయి. రంగులు వేరని చూశాను. ఆ పొద్దున మనవాళ్లు కొండ మీద ఉన్నారనీ, తొమ్మిదింటికి విమానాలు లేస్తాయనీ తెలుసు. ఆ గదికి ఇరవై రెండు అడుగులు. తర్వాత ఎన్నోసార్లు నడిచి లెక్కపెట్టాను. చేతి కింద ఫోను కూడా ఉంది.

నేను రాసి పంపాను. నిదానంగా, అందమైన దస్తూరీతో, సమయం కూడా వేసి రాశాను. బయటికి వెళ్లే కాగితాల పళ్లెంలో పెట్టాను. పళ్లెం పదింటికి కదులుతుందని తెలుసు. వాళ్ల విమానాలు కొండ దాకా వెళ్లి, తెల్లగుడ్డ కనబడక, బాంబులు వెయ్యకుండానే తిరిగొస్తాయి, ఈలాయనకి మొట్టికాయలు పడతాయి అనుకున్నాను. టీ తాగాను. బాగుందని కూడా గుర్తు.

దళంలో ఎవరున్నారో పేర్లు మాకు చెప్పరు. తమ్ముడు శిక్షణలో ఉన్నాడనుకున్నాను. తెలిసుంటే పరిగెత్తేవాణ్ణి. చాలా ఏళ్లు ఆ మాటతోనే నన్ను నేను ఓదార్చుకున్నాను. అసలు పాపం ఆ మాటలోనే ఉందని తర్వాత అర్థమైంది. అక్కడున్నది మనవాడైతే పరిగెత్తాలి, పరాయివాడైతే కాగితం చాలు అనుకున్నానన్నమాట.

విచారణలో నా కాగితం బయటికొచ్చింది. కేంద్రం మొత్తంలో తప్పు పట్టుకున్నది నేనొక్కణ్ణేనని మెచ్చుకున్నారు. హోదా పెంచారు. మీసాలాయన భుజం తట్టాడు. ఈలాయన తప్పంతా నెత్తినేసుకుని, ఉద్యోగం వదిలి ఇంటికి పోయాడు. వరండాలో నా పక్కనుంచి వెళ్తూ ఒక్కమాట అన్నాడు: "వచ్చి చెప్పాల్సింది కదయ్యా." అప్పటికి ఈల మానేశాడు. మీకు నేను ఆయన గురించి చెప్పిన కథలన్నీ ఆ ఒక్క మాట వినబడకుండా ఉండటానికి చెప్పినవే.

నువ్విప్పుడు కూర్చున్న కుర్చీ నాకు తెలుసు. అందులో ఎంత సుఖంగా ఉంటుందో కూడా తెలుసు. కాగితం నీ పక్షాన ఉంటుంది, రేపు నిన్నెవరూ ఏమీ అనలేరు. నీ కింద ఎనిమిది మంది ఉన్నారు. వాళ్లు నీకేమీ కారు కదా, అందుకే చెబుతున్నాను. లేచి వెళ్లు. తలుపు కొట్టు. ఇంకోసారి నవ్వుతారు, నవ్వనీ. రెండు పట్టికలూ వాడి బల్ల మీద పెట్టి, వాడు వేలు పెట్టి చదివేదాకా కదలకు.

ఇక్కడి దాకా రాసి చూసుకున్నాను. ఈ వయసులో కూడా మళ్లీ కాగితమే రాస్తున్నాను. కాబట్టి దీన్ని పోస్టులో వేయను. రేపు పొద్దున బస్సెక్కి నేనే తెస్తాను. మీ గేటు దగ్గర చీటీ రాసి పంపమంటారు. పంపను, నువ్వు వచ్చేదాకా అక్కడే నిలబడతాను. నా ఎదురుగా చదువు. చదివాక నాతో మాట్లాడకపోయినా సరే, ముందు ఆ గదికి వెళ్లు. మీ అమ్మకి తిరిగొచ్చాక నేనే చెప్పుకుంటాను.

రెండేళ్ల వయసునుంచి నన్ను నాన్నా అన్నావు. నేనూ ప్రతి ఉత్తరం కింద అలాగే సంతకం పెట్టాను. ఈసారి చెయ్యి రాలేదు.

ఇట్లు,
మీ నాన్నకి అన్నయ్య