తోలుకోటు పాతబడిన వైనం

ఆళ్లగడ్డ,
ధనుర్మాసం, 1944

తమ్ముడు వరదరాజులుకు అక్క దీవెనలు.

పటాలం నుంచి నీవు పంపిన కొత్త తోలుకోటు అందింది. తెల్లవారుజామున నంద్యాల బస్సు తోలే మీ బావ, చలికి వణుకుతూ కూడా దాన్ని ముట్టలేదు. “ఇంత మెరిసేది ఏసుకుంటే దొరనుకుంటారు. నా బస్సు ఎవురెక్కుతారు?” అన్నాడు.

నేను దాన్ని ఇటుకముక్కతో రుద్ది, ఆముదం పూసి, కొట్టంలో బర్రెతో తొక్కించాను. “కొత్తది తిప్పి పంపితే, మా తమ్ముడు తాను ఏసుకున్న పాతది పంపినాడు” అని చెప్పాను. ఆయన సంతోషంగా తొడుక్కున్నాడు.

కొత్త బట్టకు పెట్టినట్టే, కోటు అందిన రోజే కాలరు లోపల పసుపు పెట్టి, తుడవడం మరిచాను. నిన్న ఆయన అది చూశాడు. “మీ తమ్మునికి పటాలంలో పసుపు గూడా ఇస్తాండారా?” అన్నాడు. కోటు మాత్రం విప్పలేదు.

సెలవుకు వచ్చినప్పుడు అడిగితే, ఇస్తాండారనే చెప్పు.

మీ అక్క