టిక్కు పెట్టని స్పెయిన్ సినిమా

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి తెచ్చిన చామంతులతో నీ ఫొటోకు దండ వేసి, నీ నోటుబుక్కు తీశాను. నువ్వు పుట్టిన సంవత్సరం స్పెయిన్‌లో విడుదలైన సినిమాలన్నీ చూడాలని రాసుకున్న జాబితాలో ఒక్కదానికే టిక్కు లేదు. మధ్యాహ్నం అమ్మతో కూర్చుని అదే చూశాను.

అమ్మకు చదువు రాదు కదా, తెర కింద వచ్చే ఇంగ్లీషు మాటలను నీలాగే తెలుగులో చెబుతూ పోయాను. చివర్లో ఒక తల్లికి ఫోన్ వచ్చింది, కొడుకు ఇక లేడని.

"ఏమంటున్రు బిడ్డా?" అంది అమ్మ.

నువ్వు అమ్మకు సినిమా చెప్పేటప్పుడు ఎవరినీ చావనిచ్చేవాడివి కాదు. నేనూ అదే చేశాను. "కొడుక్కు దూరంల నౌకరి దొరికిందట అమ్మా" అన్నాను.

అమ్మ తెర మీది తల్లినే చూస్తోంది. "మీ అన్న గూడ గిట్లనే చెప్తుండె. ఏడ్చే మొఖాలు నాకు కనవడవా? నా కోసం గంత తిప్పలు పడుతున్నడని ఊకుంటుంటి."

సినిమా అయిపోయాక టిక్కు పెట్టబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అది గట్లనే ఉండనియ్యి. వాడింకా చూడలే."