ఆరున్నర కిలోలు

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మా ఆవిడకు, నీ భర్త ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమమే, అంటే ఒంట్లో ఏ జబ్బూ లేదు. నీ చెయ్యి ఎలా ఉంది? కట్టు విప్పడానికి ఇంకా పన్నెండు రోజులు పడుతుందని అమ్మాయి రాసింది. కట్టు లోపల దురద పుడితే అల్లిక సూది దూర్చి గోక్కుంటున్నావట. డాక్టరుకి తెలిస్తే రెండో చేతికి కూడా కట్టు కడతాడు, మానెయ్యి.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. స్కూలు పిల్లల చొక్కాలు తొమ్మిది మిగిలితే, నీ స్నేహితురాలు వచ్చి పట్టుకెళ్లింది. గుండీలు కూడా తనే కుడతానంది. నీ కుట్టుమిషను మీద దుప్పటి కప్పాను. బాల్కనీలో కుండీలకి రోజూ నీళ్లు పోస్తున్నాను. మూలనున్న గులాబీ మాత్రం ఎండిపోయింది. అది నా చేతికొచ్చేసరికే కొనఊపిరితో ఉంది, ఆ పాపం నాది కాదు. నా పాపం వేరే ఉంది.

అది ఫోన్లో చెబుదామని మూడుసార్లు మొదలుపెట్టాను. నీ గొంతు వినగానే "భోంచేశావా?" అని అడిగి పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం. అమ్మడూ, దీన్ని అమ్మకి చదివి వినిపించేది నువ్వేనని నాకు తెలుసు. పక్కన అల్లుడున్నా సరే, ఒక్క ముక్క కూడా దాటెయ్యకు. మీ నాన్న పరువు కాపాడదామని గొంతు తగ్గించకు.

సైకిల్ పక్కింటి నర్సమ్మకి ఇచ్చెయ్యమన్నావు. "నాలో సత్తువ అయిపోయింది. కొండల్లో రెండో రోజే తెలిసిపోయింది. ఇంక అది నాకెందుకు?" అని రాయించావు. ఆ మాట చదివినప్పటినుంచీ నాకు ముద్ద దిగడం లేదు.

పార్సిల్ ఆఫీసులో ముప్ఫై ఏళ్లుగా తూకం దగ్గర కూర్చున్నవాణ్ణి. చేత్తో ఎత్తి బరువు చెబితే, కాటా మీద యాభై గ్రాములు కూడా తేడా రాదు. అందుకే మన కొండల సైకిల్ ప్రయాణానికి ముందు "బరువులు మీ శాఖ, దారి నా శాఖ" అని సంచులు సర్దడం, సైకిళ్లకి కట్టడం నాకే వదిలేశావు. నీ సంచి నువ్వు ఒక్కసారైనా ఎత్తి చూసుకోలేదు.

మొదటి రోజు ఎక్కుడులో నువ్వు ముందుకెళ్లిపోయావు. "మా ఆవిణ్ణి వెనకనుంచి తోసుకుంటూ ఎక్కించాలేమో" అని ఆఫీసులో కోతలు కోసినవాణ్ణి, నాలుక బయటపెట్టి వెనక పడ్డాను. ప్రతి మలుపులోనూ పిట్టగోడ మీద కూర్చుని నారింజ వలుస్తూ కనిపించేదానివి. సగం నాకు పెట్టి, "మెల్లిగా రండి, కొండ ఎక్కడికీ పోదు" అనేదానివి. పైన టీ కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి ఏమన్నాడో గుర్తుందా? "అమ్మగారు వచ్చి అరగంటయింది. మీరు ఆవిడ సామాను తెచ్చే మనిషా?" నువ్వు టీ పొలమారేలా నవ్వావు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట ముల్లులా లోపల దిగబడిపోయింది.

మర్నాడు పొద్దున నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు, నా సంచుల్లోంచి రెంచీల మూట, స్టవ్వు, తాళం గొలుసు, పంపు తీసి నీ ఎడమవైపు సంచి అడుగున పెట్టాను. నా సంచులు ఖాళీగా కనబడకుండా దుప్పటి కుక్కాను. అంతా కలిపి ఆరున్నర కిలోలు. నా చెయ్యి అబద్ధం చెప్పదు.

ఆ రోజు నుంచి నేను ముందు, నువ్వు వెనక. మలుపుల్లో నీకోసం ఆగుతుంటే ఎంత హాయిగా ఉందో రాయడానికి సిగ్గుగా ఉంది. నువ్వు చెమటలు కక్కుకుంటూ వచ్చి, "ఏమండీ, నా సైకిల్ గానీ బరువెక్కిందా? పెడల్ కదలట్లేదు" అన్నావు.

"సైకిల్‌కేం కాలేదు. వయసు మీద పడుతోంది, ఒప్పుకోవాలి మరి" అన్నాను.

నువ్వు మోకాళ్లు రుద్దుకుని, "అంతేనేమో లెండి" అన్నావు. ఆ మాట దగ్గరైనా నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు.

నాలుగో రోజు రెండో కనుమ దాటి దిగుతున్నప్పుడు రోడ్డు తడిగా ఉంది. దిగుడులో మాత్రం నువ్వే ముందు, నేను నీ వెనకే ఉన్నాను, అంతా చూశాను. మలుపులో సైకిల్ ఎడమకి ఒరిగింది, బ్రేకు పట్టావు, జారిపోయింది. కుక్క అడ్డొచ్చిందని అందరికీ నేనే చెప్పాను. "నాకు కనబళ్లేదే" అని నువ్వంటే, "కంగారులో చూసుకోలేదు నువ్వు" అని దబాయించాను. ఏ కుక్కా రాలేదు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ నీ ఉత్తరం చివర అమ్మాయి తన మాటగా రెండు ముక్కలు రాసింది. "నాన్నా, నీది ఎంత నిబ్బరం! అమ్మని లేపకముందే మందుల డబ్బా కోసం సంచి విప్పావట. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ అమ్మ అదే చెబుతోంది."

నేను వెతికింది మందుల డబ్బా కాదు. ఎవరైనా వచ్చి నీ సంచి ఎత్తితే బరువు బయటపడుతుందని, రెంచీలూ స్టవ్వూ తీసి నా సంచిలో వేసుకుంటున్నాను. నువ్వు తడి రోడ్డు మీద మణికట్టు పట్టుకుని కూర్చుని, "ఏమండీ" అని పిలిచావు. నేను రాలేదు. మళ్లీ పిలిచావు. అప్పుడు గొలుసు తీస్తున్నాను. మందుల డబ్బా చేతికి తగిలింది ఆ తర్వాతే. దాన్ని పట్టుకుని పరిగెత్తుకొస్తే, "మీరు పక్కనుండబట్టి సరిపోయింది" అని నా చెయ్యి పట్టుకున్నావు. ఆ చెయ్యి చూసుకుంటే ఇప్పటికీ నాకు అసహ్యం వేస్తోంది.

నిన్న పొద్దున నర్సమ్మ సైకిల్ కోసం వచ్చింది. ఇవ్వడం లేదని, మా ఆవిడే తొక్కుతుందని చెప్పి పంపించాను. ఆమె వెళ్లాక నీ సంచుల్ని ఆ రోజు ఉన్నట్టే సర్ది, నా సైకిల్‌కి కట్టి, మన వీధి చివర నీళ్ల ట్యాంకు గుట్ట ఎక్కబోయాను. మూడో కరెంటు స్తంభం దగ్గర దిగిపోయి, మిగతా దారంతా తోసుకుంటూ పోయాను. ఆ బరువుతో నువ్వు రెండో కనుమ మొత్తం ఎక్కావు. ఒక్కసారి కూడా దిగి తొయ్యలేదు. ఆలస్యంగా వచ్చావు, అంతే.

నీ సత్తువ ఎక్కడికీ పోలేదు. నిన్ను క్షమించమని అడిగే మొహం నాకు లేదు, అడగను. కట్టు విప్పాక ఇంటికి రావాలనిపిస్తే రా. కొన్నాళ్లు అమ్మాయి దగ్గరే ఉండాలనిపిస్తే ఉండు, మిషను అక్కడికే పంపిస్తాను. నా మీద కోపంతో మాత్రం సైకిల్ వదులుకోకు. ఆ మిగిలిన మూడో కనుమ నువ్వొక్కదానివే ఎక్కుతానన్నా ఎక్కు. బయల్దేరేముందు నీ సంచులు నువ్వే ఎత్తి చూసుకో.

ఇట్లు,
రెండుసార్లు పిలిచినా పలకని
నీ భర్త