పొగగొట్టం కింద బిందె

కోటగిరి, ఏప్రిల్ 3

హైడ్రోజన్ బస్సు మేనేజరు శ్రీధర్ సారుకు, కాలువ చివరి రైతు లాజరు నమస్కారాలు.

మొన్న మా ఊరి సభలో మైకు పగిలేలా చెప్పారు, మీ బస్సుకు పొగ రాదు, వెనక గొట్టంలోంచి నీళ్లే వస్తాయని. వినగానే నా కళ్లల్లో నీళ్లొచ్చాయి. కాలువ నీళ్లు నా పొలం దాకా రాక నెల దాటింది. రెండెకరాల చెరుకు ఎండిపోతోంది. మీ బస్సు రోజూ నా గట్టు పక్కనుంచే పోతుంది కదా, ఓ అరగంట ఆపించండి. గొట్టం దగ్గర్నుంచి చేనుకు పిల్లకాలువ నేనే తవ్వుకుంటాను.

ఇట్లు, మీ మేలు మరువబోని
లాజరు

తా.క.: మా ఆవిడ శారమ్మ అడగమంది: "గా నీళ్లు ఏడిగుంటయా, సల్లగుంటయా? ఏడిగుంటే తానాలకు గూడ పట్టుకుంట."

నిజామాబాద్, ఏప్రిల్ 12

గౌరవనీయులైన లాజరు గారికి,

మీ అభిమానానికి ధన్యవాదాలు. బస్సు వదిలే నీళ్లు చాలావరకు ఆవిరిగా పోతాయి. పైగా కిలో హైడ్రోజన్ తయారీకే మా ప్లాంటుకు కనీసం తొమ్మిది లీటర్ల నీళ్లు కావాలి. అవి మీ కాలువ నుంచే తీసుకుంటున్నామని చెప్పడానికి గర్విస్తున్నాం.

భవదీయుడు,
శ్రీధర్

తా.క.: మీ కళ్లల్లో నీళ్లొచ్చిన సంగతిని "రైతు ఆనందబాష్పాలు" పేరిట మా ప్రచార పుస్తకంలో వేశాం. ఒక ప్రతి పంపుతున్నాం.

కోటగిరి, ఏప్రిల్ 18

శ్రీధర్ సారుకు, ఆనందబాష్పాల లాజరు దండాలు.

అంటే మా కాలువ నీళ్లను పైనే పట్టి, గ్యాసు చేసి, బస్సెక్కించి, నిజామాబాద్ రోడ్ల మీద ఆవిరిగా వదులుతున్నారన్నమాట. నీళ్లకు ఊరు చూపించడానికి ఎంత శ్రమ పడుతున్నారు! పొగ లేని బండి మంచిదే, కాదనను. బోధన్ రోడ్డు మీద లారీల పొగ మింగి పెరిగినవాణ్ణి. కానీ నా చెరుకు చచ్చేది పొగతో కాదు, దాహంతో. రెండు బోర్లు ఫెయిలయ్యాయి. మూడోది వేయిస్తున్నాను. అదీ పోతే పంట పోయినట్టే.

ఇట్లు,
లాజరు

తా.క.: పుస్తకంలో నా పేరు కింద పక్కింటి లింబయ్య ఫోటో వేశారు. ఆయన ఏడ్చింది నిజమే. సభలో మీ కుర్చీ విరిగి పడ్డాడు.

నిజామాబాద్, మే 4

పూజ్యులైన లాజరు గారికి,

కాలువకు నీళ్లు ఆపేశారు. మా ప్లాంటు ఎండింది. ఎల్లుండి పెద్ద అధికారులు బస్సు చూడటానికి వస్తున్నారు. మీ మూడో బోరులో నీళ్లు బాగా పడ్డాయని లింబయ్య గారు చెప్పారు. ఈ ఉత్తరం తెచ్చిన ట్యాంకరు నింపి మా పరువు కాపాడండి.

మీ విధేయుడు,
శ్రీధర్

తా.క.: ఇది డీజిల్‌తో నడిచే ట్యాంకరు. పొగ ఎవరి ఫోటోలోనూ పడకుండా దయచేసి అడ్డంగా నిలబడండి.

కోటగిరి, అదే రోజు

శ్రీధర్ సారుకు,

బోరు పడింది, చెరుకు బతికింది. శారమ్మా నేనూ గట్టు మీద కూర్చుని ఏడ్చాం. ఇవి అసలైన ఆనందబాష్పాలు, వేసుకోండి. ట్యాంకరు మాత్రం ఖాళీగానే పంపుతున్నాను. మీ డ్రైవరుతో శారమ్మ అన్నది అన్నట్టే రాస్తున్నాను: "మీ సారుకు జెప్పు బిడ్డా, గా బస్సును మా గట్టు కాడ అరగంట ఆపుమను. ఎన్ని నీళ్లు కారితే గన్ని పట్టుకపొమ్మను."

ఇట్లు, మీ
లాజరు

తా.క.: బిందె మేమే ఇస్తాం. నిండకపోయినా వాపసు ఇవ్వాలి.