ఉప్పు డబ్బా చోటు

రాజాం, ఆదివారం, 2016

భోజనాల గదిలో బల్ల పక్కనున్న పొట్టి అల్మారా పైభాగం ఈరోజు ముస్తాబు చేశాను. అక్కడుండే అత్త ఉప్పు డబ్బాను వంటింట్లోకి మార్చేసి, లేసు గుడ్డ పరిచి, కొత్త ఫొటో ఫ్రేము నిలబెట్టాను. మా పెళ్ళి ఫొటో ఇంకా స్టూడియోలోనే ఉంది. ఫ్రేములో కొట్టువాళ్ళు ఉంచిన గులాబీ బొమ్మే ఉంది.

అన్నం తింటూ అత్త ఆ గుడ్డంతా చేత్తో తడిమింది.

"ఉప్పు డబ్బా ఎక్కడెట్టీసినావే?"

తెచ్చిచ్చి, ఫ్రేము చేతికిచ్చాను. కళ్ళ దగ్గరకు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇద్దరూ బాగున్నారే. నువ్వు నవ్వుతన్నావు."

ఔనత్తా అన్నాను. ఎన్నాళ్ళుగా ఇలా చేత్తోనే వెతుక్కుంటోందో. కంటి డాక్టరు మాట ఆవిడ దగ్గర ఎలా ఎత్తాలో తెలీదు.

డబ్బా పాత చోటనే పెట్టేశాను. రేపు పొద్దున్నే స్టూడియోకి వెళ్ళాలి. నేను నవ్విన ఫొటోనే అడగాలి.