జబ్బు రాని పిల్లలు

14 నవంబర్ 2003, అద్దంకి

నేను పనిచేసే పశువుల ఆసుపత్రికి రహిమున్నీసా వచ్చింది. హైస్కూల్లో మాది ఒకే బెంచీ. మేక మేత మానేసిందని తోలుకొచ్చింది. మేక బాగానే ఉంది. అందరూ వెళ్లిపోయేదాకా కూర్చుంది. ఇప్పుడు తనకి ఏడో నెల. ఒంగోల్లో రక్తపరీక్ష చేశారట. తనకీ, మొగుడు నజీర్‌కీ హెచ్ఐవీ పాజిటివ్.

"నువ్వు బెంగళూరులో కోతిపిల్లలకి ఈ జబ్బే ఎక్కించి చూసేదానివంట గదే. మీ అమ్మ చెప్పింది. నా బిడ్డకేమవుద్దో చెప్పు" అని సూటిగా అడిగింది.

రేపు రమ్మన్నాను.

15 నవంబర్, పొద్దున

లేవగానే బెంగళూరు ల్యాబ్‌లో కోతిపిల్లల్ని పెంచే నర్సరీ గుర్తొచ్చింది. వెచ్చటి పాలపొడి వాసన. తువ్వాలు చుట్టిన బొమ్మే తల్లి అనుకుని కరుచుకుని పడుకునే పిల్లలు. సీసా నోటికందిస్తే నా బొటనవేలు పట్టుకుని తాగేవి. ఆ రెండేళ్లంత ఇష్టంగా మళ్లీ ఏ పనీ చేయలేదు. అక్కడ చేసింది ఏమిటో తెలిసీ, ఇప్పటికీ బెంగ.

15 నవంబర్, సాయంత్రం

వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కోతులకొచ్చే ఎస్ఐవీ హెచ్ఐవీకి దగ్గర చుట్టం. దాన్నే పాలల్లో కలిపి పట్టించేవాళ్లం. పెద్ద కోతులు ఏళ్లు తట్టుకునేవి, పసివి నెలల్లో వాడిపోయేవి. వాటి ఒంటికి ఇంకా పోరాడటం చేతకాదు. కానీ వెంటనే మందు పడ్డవాటిలో చాలావాటికి జబ్బు అంటుకోలేదు. కోతి కోతే, మనిషి మనిషే అని కూడా చెప్పాను. నొప్పులు రాగానే ఒంగోలు ఆసుపత్రివాళ్లిచ్చే మాత్ర వేసుకోమన్నాను. బిడ్డకు చుక్కలమందు పడేదాకా ఆసుపత్రి నుంచి కదలొద్దన్నాను.

"జబ్బు రాని పిల్లలు ఇప్పుడెక్కడున్నాయే?" అంది.

లేవన్నాను. వైరస్ ఎక్కడా దాక్కోలేదని తేలాలంటే వాటిని చంపి లోపలి గ్రంథులు కోసి చూడాలి. మత్తు సూది నేనే ఇచ్చాను.

లేచి వెళ్లిపోతుందనుకున్నాను. "కాన్పుకి నువ్వు నా పక్కనుండు. అబద్ధం చెప్పని మనిషి ఒకరుండాల" అంది.

19 జనవరి 2004, ఒంగోలు

ఆడపిల్ల. మందు పడింది.

2 ఫిబ్రవరి

కళ్లాల్లో మిరపకాయలు. ఊరంతా ఘాటు. చనుబాల వల్ల కూడా జబ్బు అంటుతుందని పిల్లకి సీసాపాలే. పిల్లకి పాలెందుకివ్వవని అత్త రోజూ సాధిస్తోందట. చివరికి నజీరే తల్లిని కూర్చోబెట్టి చెప్పేశాడట, జబ్బు తన నుంచే వచ్చిందని. మూడోనాడు ఆవిడే నీళ్లు మరగబెట్టి సీసాలు కడిగిందట.

రహిమున్నీసా బాధ వేరు. "రైక తడిసిపోతా ఉంటే పిల్ల ఏడుపు వినలేకపోతన్నానే" అంది. సీసా నేను అందుకున్నాను. పిల్ల నా బొటనవేలు పట్టుకుంది. ఆ పట్టు నాకు తెలుసు.

11 సెప్టెంబర్

పిల్లకి పరీక్ష చేయించమని నజీర్ అడిగాడు. ఇప్పుడు చేస్తే తేలదు. తల్లి యాంటీబాడీలు పిల్ల రక్తంలో ఇంకా ఉంటాయి, పాజిటివ్ అని చూపినా నమ్మలేం. ఏడాదిన్నర నిండాలి. ల్యాబ్‌లో అయితే రక్తంలో వైరస్‌నే వెతికే పీసీఆర్ పరీక్ష చేసి వారంలో చెప్పేవాళ్లం. కోతిపిల్లకి దొరికిన పరీక్ష అద్దంకి పిల్లకి దొరకలేదు.

8 మార్చి 2005

పిల్లకి జ్వరం. ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

10 మార్చి

మామూలు జలుబేనట. ఆ ఇంట్లో మామూలు అన్న మాటని ఎవరూ నమ్మడం లేదు. నేనూ నమ్మలేదు.

26 జూలై, ఒంగోలు

నెగటివ్.

రహిమున్నీసా చెవిలో చెప్పబోయాను. "గట్టిగా చెప్పవే" అంది. వరండా అంతా వినపడేలా చెప్పాను. నజీర్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

రహిమున్నీసా పిల్లను చంక మార్చుకుని, తనకి మందులు ఎక్కడిస్తారని అడిగింది. ఇన్నాళ్లలో తన గురించి అడగడం ఇదే మొదలు.