పగులు మీద గాజుముక్క

ఏప్రిల్ 4
ఇంజనీరు వచ్చి మేడమీది గదిలో గోడ పగులుకి అడ్డంగా గాజుముక్క అతికించాడు. గోడ కదిలితే అది విరుగుతుందట. విరిగితే వెంటనే ఫోన్ చెయ్యాలట. మా వరసలో ఇళ్లన్నిటికీ ఉమ్మడి గోడలే. ఒకటి పోతే పక్కది నిలవదట.
కొండవాలు మీద ఒకదాన్నొకటి ఆనుకున్న పాతకాలం రాతి ఇళ్లు. పలకరాతి కప్పులు, చెక్క బాల్కనీలు చూసి టూరిస్టులు మురిసిపోతారు. కప్పు కారితే గిన్నెలు పెట్టేది నేను.

ఏప్రిల్ 9
గాజు బాగానే ఉంది. ఆ గది తలుపే పడటం లేదు. చెక్క ఉబ్బిందన్నారు మా ఆయన. వానచుక్క లేదు, ఎలా ఉబ్బుతుంది?

ఏప్రిల్ 10
చెత్తబుట్టలో విరిగిన గాజు కనిపించింది. గోడ మీద ఉన్నది కొత్తది. జిగురు ఇంకా వేలికి అంటుతోంది.
నిలదీశాను. టూరిస్టులకి గదులన్నీ బుక్ అయ్యాయి, సీజన్ అయ్యాక చూద్దాం, నోరు మూసుకో అన్నారు. అత్తగారు కొడుకు వైపే. ఇన్నేళ్లూ లేని పగులు నువ్వొచ్చాకే వచ్చిందన్నారు. ఔనత్తయ్యా, రోజూ తల గోడకేసి కొట్టుకుంటున్నాను కదా, అన్నాను.

ఏప్రిల్ 12, మధ్యాహ్నం
సాయంత్రం ఆ గదిలోకి ఒక జంట దిగుతోంది, పసిపాపతో. ఉయ్యాల కట్టడానికి దూలం ఉందా అని అడిగారట. ఉందన్నారు ఈయన. ఆ దూలం ఆనేది ఆ గోడ మీదే!
ఈయనకి భయం లేదని కాదు. అన్నం కెలికి లేచిపోయారు.

ఏప్రిల్ 12, నాలుగు గంటలు
పచ్చడిబండతో కొత్త గాజు పగలగొట్టాను. ఇంజనీరుకి ఫోన్ చేశాను. దానంతటదే విరిగిందా అన్నాడు. ఔనన్నాను. ఈయన మార్చారని చెబితే కేసు పెడతారు. మొదటిది దానంతటదే విరిగింది కదా, ఇందులో అబద్ధమేముంది? 

ఏప్రిల్ 13
వరసంతా ఖాళీ చేయించి తాళాలు వేశారు. అందరం బడిలో తలదాచుకున్నాం. అది గోడ విరిచిన గాజు కాదు, ఎవరో కొట్టిందే అంటోంది పక్కింటి పిన్ని, నాకు వినబడేలా. ఈయన తల వంచుకుని చాప పరుచుకున్నారు. మొదటిది దానంతటదే విరిగిందని ఒక్క మాట అంటే ఏం పోయింది?

ఏప్రిల్ 21
గోడ కూలలేదు. పొద్దున్నే అందరూ వెళ్లి చూస్తారు, తిరిగొచ్చి నన్ను చూస్తారు.
నా పిల్లలు పుట్టిన ఇల్లు. కూలిపోవాలని ఇవాళ మొక్కుకున్నాను.